నలభై రోజులు ఇన్‌స్టాకి బై: లెంట్ ఉపవాసం వెనక 1,700 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్‌ని మీలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తుంటారు. ఇక్కడ ట్రాన్‌స్క్రిప్ట్ చదువుతున్నవాళ్లు కూడా ఫోన్‌లోనే చదువుతుంటారు. అందుకే ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇది "ఫోన్ మీ జీవితాన్ని పాడుచేస్తోంది, అవతల పారేయండి" అని క్లాస్ పీకే ఎపిసోడ్ కాదు. ఆ క్లాసులు మీకు ఇంట్లో రోజూ ఫ్రీగానే దొరుకుతాయి.

మన సబ్జెక్ట్ చరిత్ర. ఏటా ఫిబ్రవరిలోనో మార్చిలోనో భస్మ బుధవారం రాగానే మీ క్రిస్టియన్ ఫ్రెండ్స్ స్టేటస్‌లు చూసే ఉంటారు. "లెంట్ మొదలైంది, నలభై రోజులు ఇన్‌స్టాకి బై." "ఈస్టర్ దాకా నో రీల్స్." ఒకరు గేమ్ డిలీట్ చేస్తారు, ఇంకొకరు రాత్రి పది దాటాక ఫోన్ ముట్టనని ఒట్టు పెట్టుకుంటారు. పక్కనున్న వాళ్లు నవ్వుతారు. "ఉపవాసం అంటే తిండి మానేయడం కదరా, రీల్స్ మానేయడమేంటి? ఇదో కొత్త ఫ్యాషన్!" అంటారు.

నిజంగా కొత్త ఫ్యాషనేనా? ఇంకో ప్రశ్న కూడా ఉంది. నలభై రోజులు మానేసి, ఈస్టర్ రోజు పొద్దున్నే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటే ఏం లాభం? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు చరిత్రలో ఉంది. ఎందుకంటే మనుషులు దాదాపు 1,700 ఏళ్లుగా ఏటా నలభై రోజులు ఏదో ఒకటి మానేస్తూనే ఉన్నారు. ఎక్కడ గెలిచారో, ఎక్కడ బోల్తా పడ్డారో రికార్డులు ఉన్నాయి.

తెలియనివాళ్ల కోసం ఒక్క నిమిషం. లెంట్ అంటే ఈస్టర్‌కి ముందొచ్చే నలభై రోజులు. మన తెలుగు చర్చిల్లో శ్రమల కాలం అంటారు, కథోలికులు తపస్సు కాలం అంటారు. క్యాలెండర్ తీసి భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా లెక్కేస్తే 46 రోజులు వస్తాయి. మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలు పండగ రోజులు కాబట్టి ఉపవాసం లెక్కలోకి రావు. అవి తీసేస్తే సరిగ్గా 40. యేసు అరణ్యంలో నలభై రోజులు ఉపవాసం ఉన్నాడని సువార్తలు చెబుతాయి, ఆ లెక్కే ఇది. క్రిస్టియన్ కాకపోయినా ఈ పద్ధతి మనకి కొత్తేమీ కాదు. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు దీక్షలో ఉండేవాళ్లు, రంజాన్ నెలంతా రోజా ఉండేవాళ్లు, కార్తీకంలో నాన్‌వెజ్ ముట్టనివాళ్లు మన వీధిలోనే ఉంటారు.

మొదట్లో ఈ నలభై రోజులు లేవు. క్రీ.శ. 190 ప్రాంతంలో ఇరేనియస్ అనే బిషప్ రోమ్‌కి రాసిన ఉత్తరం ఒకటుంది. ఈస్టర్‌కి ముందు కొందరు ఒక్క రోజు ఉపవాసం ఉంటారు, కొందరు రెండు రోజులు, కొందరు నలభై గంటలు అని అందులో ఉంది. 325లో నైసియాలో జరిగిన మహాసభ తీర్మానాల్లోకి వచ్చేసరికి "నలభై" అనే మాట ఒక కాలం పేరుగా కనిపిస్తుంది. ఇంకో వందేళ్ల తర్వాత సోక్రటీస్ అనే చరిత్రకారుడు, మన గ్రీకు తత్వవేత్త కాదండీ, వేరే ఆయన, ఒక సరదా విషయం రాశాడు. ఒక్కో ఊళ్లో ఒక్కో రూల్ అట. కొందరు మాంసం పూర్తిగా మానేస్తారు, కొందరు చేపలు తింటారు, కొందరు చేపలతో పాటు పక్షుల్నీ తింటారు, కొందరు ఎండు రొట్టెతో సరిపెట్టుకుంటారు. ఎన్ని రోజులనేది కూడా ఊరికో తీరు. అయినా అందరూ దాన్ని "నలభై" అనే పిలుస్తారని ఆయన ఆశ్చర్యపోయాడు.

అంటే "అసలైన లెంట్ రూల్ ఇదీ" అని ఆకాశం నుంచి ఊడిపడిన లిస్ట్ ఏదీ లేదు. ఏం మానేయాలి అనే గొడవ మొదటి నుంచీ ఉంది.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. సంవత్సరం 387. ఊరు అంతియొకయ. ఇప్పుడది టర్కీలో అంతాక్యా. అప్పట్లో రోమన్ సామ్రాజ్యంలో అతి పెద్ద నగరాల్లో ఒకటి. గుర్రపు రథాల పందేలు, నాటకశాలలు, పెద్ద పెద్ద స్నానశాలలు. సాయంత్రం అయితే జనం అక్కడే.

లెంట్ మొదలయ్యే ముందు థియోడోసియస్ చక్రవర్తి కొత్త పన్ను వేశాడు. జనం రగిలిపోయారు. గుంపు వీధుల్లోకి వచ్చి, చక్రవర్తి విగ్రహాల్నీ, ఆయన కుటుంబం విగ్రహాల్నీ కూలదోసి వీధుల్లో ఈడ్చింది. అందులో కొద్దికాలం క్రితమే చనిపోయిన మహారాణి విగ్రహం కూడా ఉంది. ఆ రోజుల్లో చక్రవర్తి విగ్రహాన్ని అవమానించడం అంటే చక్రవర్తినే కొట్టినట్టు లెక్క. ఆవేశం చల్లారాక ఊరికి వణుకు పట్టుకుంది. స్థానిక అధికారులు దొరికినవాళ్లని చంపడం మొదలుపెట్టారు. సైన్యం వస్తోందని, ఊరంతా తగలబెడతారని పుకార్లు. జనం కొండల్లోకి పారిపోయారు.

ముసలివాడైన బిషప్ ఫ్లేవియన్, మరణశయ్య మీదున్న సొంత చెల్లెల్ని కూడా వదిలి, క్షమాపణ అడగడానికి కాన్‌స్టాంటినోపుల్‌కి బయల్దేరాడు. వెయ్యి కిలోమీటర్లు దాటిన ప్రయాణం. ఊళ్లో భయంతో చస్తున్న జనానికి ధైర్యం చెప్పాల్సిన బాధ్యత ఒక కుర్ర పాస్టర్ మీద పడింది. ఆయన గురువుగా అభిషేకం పొంది ఏడాదే అయింది. పేరు యోహాను. తర్వాతి కాలంలో జనం ఆయనకి పెట్టిన పేరు క్రిసోస్తోమ్, అంటే బంగారు నోరు. ఆ లెంట్‌లో ఆయన చేసిన ప్రసంగాలు 21 ఇప్పటికీ ఉన్నాయి.

అప్పుడాయన ఉపవాసం గురించి ఏం చెప్పాడో చూడండి. నోరు ఒక్కటే ఉపవాసం ఉంటే సరిపోదు, కన్ను, చెవి, కాలు, చెయ్యి కూడా ఉండాలన్నాడు. కంటికి తిండి చూపు. చెవికి తిండి వినికిడి. చెడు మాటల్నీ చాడీల్నీ వినకపోవడమే చెవి ఉపవాసం. కోడినీ చేపనీ ముట్టకుండా, తోటి మనిషిని మాటలతో కొరుక్కు తింటే అదేం ఉపవాసం అని నిలదీశాడు. 387లో అన్న మాట ఇది. ఇప్పుడు ఏదైనా వైరల్ వీడియో కింద కామెంట్లు చదివి, మళ్లీ ఆలోచించండి.

ఆయన జనాన్ని మూడు పనులు అడిగాడు. ఎవరి గురించీ చెడుగా మాట్లాడొద్దు. ఎవర్నీ శత్రువుగా పెట్టుకోవద్దు. మూడోది, ప్రతి మాటకీ ఒట్టు పెట్టే అలవాటు మానేయండి. ఈ మూడోదాన్ని ఆయన పట్టుకుని వదల్లేదు. ప్రసంగం తర్వాత ప్రసంగం అదే. ఎందుకంటే అది ఆలోచించి చేసే తప్పు కాదు, నోటికి అంటుకున్న అలవాటు. తెలియకుండానే వచ్చేస్తుంది. మన చెయ్యి ఫోన్ మీదకి వెళ్లినట్టే.

అలవాటు మానడానికి ఆయన ఇచ్చిన చిట్కాలు వింటే మీరు నవ్వుతారు. ఇంట్లో ఎవరు ఒట్టు వేసినా, ఎన్నిసార్లు చెప్పినా మానకపోతే, ఆ రాత్రి భోజనం కట్. ఇంటి యజమాని నోరు జారితే ఆయనకీ అదే శిక్ష. ఇంకో ఉదాహరణ చెప్పాడు. నడిచేటప్పుడు కుడి భుజం ఎగరేసే అలవాటున్న ఒకాయన, రెండు భుజాల మీదా కత్తులు పెట్టుకున్నాడట. భుజం కదిలిస్తే గుచ్చుకుంటుంది. ఆ భయంతో అలవాటు పోయింది. కత్తులు మీరు పెట్టుకోకండి ప్లీజ్. కానీ ఐడియా గమనించండి. మనసుని నమ్ముకోవడం కాకుండా, అలవాటుకి అడ్డంగా ఏదో ఒకటి పెట్టడం. ఫోన్‌ని మంచానికి దూరంగా, ఇంకో గదిలో చార్జింగ్‌కి పెట్టడం సరిగ్గా అదే కత్తి.

ఇంతలో చక్రవర్తి పంపిన విచారణాధికారులు ఊళ్లోకి దిగారు. శిక్షగా నాటకశాలలు, రథాల మైదానం, స్నానశాలలు అన్నీ మూసేశారు. ఊరికున్న రాజధాని హోదా తీసేశారు. ఒక్కసారిగా ఎంటర్‌టైన్‌మెంట్ మొత్తం బంద్. ఊరంతా గగ్గోలు. క్రిసోస్తోమ్ మాత్రం, నాటకశాలలు మూసేస్తే ఊరికి పోయిందేంటి అన్నట్టే మాట్లాడాడు. చివరికి బిషప్ విన్నపం ఫలించింది. చక్రవర్తి క్షమించాడు. ఆ వార్త ఈస్టర్ నాటికి అంతియొకయకి చేరింది.

కథ సుఖాంతమే. కానీ ఒక విషయం దాచకూడదు. పందేలు, నాటకాలు మళ్లీ తెరుచుకున్నాక జనం మళ్లీ అక్కడికే వెళ్లారు. క్రిసోస్తోమ్ తర్వాతి సంవత్సరాల్లో కూడా రథాల పిచ్చిని, నాటకాల పిచ్చిని తిడుతూనే ఉన్నాడు. పైవాళ్లు తాళం వేస్తే వచ్చిన ఉపవాసం, తాళం తీయగానే పోయింది. ఈ పాయింట్ గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

అంతియొకయలో ఇది జరుగుతున్న కాలంలోనే ఈజిప్ట్ ఎడారిలో కొందరు సన్యాసులు ఒంటరిగా చిన్న చిన్న గదుల్లో బతికేవాళ్లు. అక్కడ టీవీ లేదు, ఫోన్ లేదు, పక్కింటివాళ్లు కూడా లేరు. మరి వాళ్లకి ఏకాగ్రత కుదిరిందా? లేదండీ. 399లో చనిపోయిన ఎవాగ్రియస్ అనే సన్యాసి ఒక జబ్బు గురించి రాశాడు. గ్రీకులో దాని పేరు అకేడియా. పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా పట్టుకుంటుంది. సూర్యుడు కదలనట్టు ఉంటుంది. రోజుకి యాభై గంటలున్నట్టు ఉంటుంది. మాటిమాటికీ కిటికీ వైపు చూడాలనిపిస్తుంది. బయటికి వెళ్లి, భోజనం టైమ్ ఎంత దూరంలో ఉందో చూసి, అటూ ఇటూ ఎవరైనా వస్తున్నారేమో అని చూడాలనిపిస్తుంది. పుస్తకం తెరిస్తే ఆవులింతలు, ఇంకా ఎన్ని పేజీలున్నాయో అని లెక్కపెట్టడం.

ఎక్కడో చూసినట్టుంది కదా? కిటికీ బదులు స్క్రీన్ పెట్టండి, "ఎవరైనా వస్తున్నారేమో" బదులు "నోటిఫికేషన్ వచ్చిందేమో" పెట్టండి. మన జబ్బే అది. అంటే ఫోన్ ఈ జబ్బుని పుట్టించలేదు. అది 1,600 ఏళ్ల క్రితమే ఉంది. ఫోన్ చేసిందల్లా, ఆ కిటికీని మన జేబులో పెట్టింది.

దీనికి ఒక పద్ధతి ప్రకారం మందు రాసింది 6వ శతాబ్దంలో ఇటలీకి చెందిన బెనెడిక్ట్. మఠాల కోసం ఆయన రాసిన నియమావళిలో లెంట్ గురించి విడిగా ఒక అధ్యాయం ఉంది. తిండి, తాగుడు, నిద్ర కొంచెం కొంచెం తగ్గించుకోమన్నాడు. వాటితో పాటే వాగుడు, వెకిలి జోకులు కూడా తగ్గించుకోమన్నాడు. ఎవరు ఎంత మానాలనేది వాళ్ల ఇష్టం. కానీ ఒక షరతు. ఏం మానేస్తున్నావో ముందు మఠాధిపతికి చెప్పాలి, ఆయన సరే అనాలి. చెప్పకుండా చేస్తే అది గొప్పలకి పోవడం కిందే లెక్క అన్నాడు.

ఇంకో రూల్ నాకు బాగా నచ్చింది. లెంట్ మొదట్లో ప్రతి సన్యాసికీ ఒక పుస్తకం ఇవ్వాలి. మొదటి పేజీ నుంచి చివరిదాకా వరసగా చదవాలి. చదివే టైమ్‌లో ఒకరిద్దరు పెద్దలు మఠమంతా తిరిగి చూడాలి, ఎవరైనా చదవకుండా కబుర్లు చెబుతున్నారా, ఊరికే కూర్చున్నారా అని. చూశారా, మానేయమని ఊరుకోలేదు. ఖాళీ అయిన టైమ్‌లో ఏం పెట్టాలో కూడా చెప్పాడు.

సో, మొదటి ప్రశ్నకి జవాబు దొరికింది. లెంట్‌లో తిండి కాకుండా వేరేది మానేయడం ఇన్‌స్టా తరం కనిపెట్టింది కాదు. కళ్లు, చెవులు, నాలుక, వాగుడు ఇవన్నీ 4వ, 6వ శతాబ్దాల్లోనే లిస్ట్‌లో ఉన్నాయి.

ఇక బోల్తా పడ్డ కథలు. ఇవి సరదాగా ఉంటాయి.

మధ్యయుగాల్లో లెంట్ అంటే మాంసం, గుడ్లు, పాలు, వెన్న అన్నీ బంద్. చేప మాత్రం ఓకే. వెంటనే తెలివితేటలు మొదలయ్యాయి. ఒక రకం బాతు, దాని గూడు ఎవరికీ కనబడదు కాబట్టి అది సముద్రంలో కొయ్య మీద పుడుతుందని నమ్మేవాళ్లు. అయితే అది మాంసం కాదు కదా! 12వ శతాబ్దంలో జెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే రచయిత, ఐర్లాండ్‌లో కొందరు మతపెద్దలు కూడా ఉపవాస దినాల్లో ఈ బాతుని లాగించేస్తున్నారని రాశాడు. వెనెజువెలాలో కాపిబారా అనే పెద్ద జంతువు ఉంది, నీళ్లలో ఈదుతుంది కాబట్టి అక్కడ ఇప్పటికీ లెంట్‌లో దాని మాంసం తింటారు.

వెన్న కథ ఇంకా ఘాటుగా ఉంటుంది. ఉత్తర యూరప్‌లో ఆలివ్ నూనె దొరకదు. వెన్న లేకపోతే వంట కష్టం. కాబట్టి డబ్బులు కట్టి పర్మిషన్ తెచ్చుకునేవాళ్లు. ఫ్రాన్స్‌లోని రూవాన్ కెథడ్రల్‌కి ఒక ఎత్తైన గోపురం ఉంది. 15వ శతాబ్దం చివర్లో మొదలుపెట్టి 16వ శతాబ్దం మొదట్లో పూర్తిచేశారు. దాని పేరే వెన్న గోపురం. లెంట్‌లో వెన్న తినడానికి జనం కట్టిన డబ్బు ఆ కట్టడానికి వాడారు మరి. తర్వాత అమెరికా ఖండం నుంచి చాక్లెట్ వచ్చింది. అప్పట్లో అది తాగే పానీయం. తాగితే ఉపవాసం పోతుందా లేదా అని 17వ శతాబ్దంలో పెద్ద పెద్ద పుస్తకాలు రాసి వాదించుకున్నారు. బ్రాంకాచ్చో అనే కార్డినల్, ద్రవం కాబట్టి పర్లేదని తేల్చాడు.

నవ్వొస్తుంది కదా. మరి మనం? ఇన్‌స్టా యాప్ డిలీట్ చేసి, బ్రౌజర్‌లో ఓపెన్ చేస్తాం. రీల్స్ మానేసి షార్ట్స్ చూస్తాం. "గ్రూప్‌లో ముఖ్యమైన మెసేజ్ ఉందేమో" అని తెరిచి, గంట తర్వాత బయటికొస్తాం. ఆ బాతుకీ, మన షార్ట్స్‌కీ పెద్ద తేడా ఏం లేదండీ. రూల్ ఒక వస్తువు మీద పెట్టుకుంటే, ఆకలి పక్క దారి వెతుక్కుంటుంది.

రెండో రకం బోల్తా, బలవంతం. 1522 మార్చి 9, లెంట్‌లో మొదటి ఆదివారం, స్విట్జర్లాండ్‌లోని జూరిక్. క్రిస్టోఫ్ ఫ్రోషావర్ అనే ప్రింటర్ ఇంట్లో కొందరు కూర్చుని సాసేజ్ ముక్కలు తిన్నారు. ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తకాల సంతకి పని తెమలాలి, పనివాళ్లు రాత్రింబగళ్లు కష్టపడుతున్నారు, వాళ్లకి బలం కావాలి అని ఫ్రోషావర్ వాదన. అక్కడే ఉన్న ఉల్రిక్ జ్వింగ్లీ అనే ప్రీస్ట్ తినలేదు. కానీ రెండు వారాలకి వాళ్ల తరఫున ప్రసంగం చేశాడు. ఉపవాసం ఉండాలనుకుంటే ఉండండి, మాంసం వద్దనుకుంటే తినకండి, కానీ ఇంకొకడి స్వేచ్ఛని లాక్కోకండి అని దాని సారాంశం. స్విట్జర్లాండ్‌లో మత సంస్కరణ మొదలైంది ఈ రెండు సాసేజ్‌ల దగ్గరే అంటారు.

ఇంగ్లండ్‌లో ఇంకో విచిత్రం. 1563లో ఎలిజబెత్ రాణి ప్రభుత్వం శుక్రవారం, శనివారంతో పాటు బుధవారాన్ని కూడా చేపల రోజుగా చట్టం చేసింది. భక్తితో కాదు. జాలర్లకి గిరాకీ ఉంటే పడవలు పెరుగుతాయి, నావికులు పెరుగుతారు, నౌకాదళానికి మనుషులు దొరుకుతారు. "చేప తింటేనే ఆత్మకి రక్షణ" అని ఎవరైనా ప్రచారం చేస్తే, తప్పుడు వార్తలు వ్యాపింపజేసినవాళ్లతో సమానంగా శిక్షిస్తామని అదే చట్టంలో రాశారు. ఉపవాసం కాస్తా ఆర్థిక పాలసీ అయిపోయింది.

ఇక 20వ శతాబ్దానికి దూకుదాం. 1966 ఫిబ్రవరి 17న పోప్ పాల్ 6 కథోలికుల ఉపవాస రూల్స్‌ని బాగా సడలించారు. తప్పనిసరి ఉపవాసం భస్మ బుధవారం, గుడ్ ఫ్రైడే, ఈ రెండు రోజులే. మిగతాచోట్ల ఆయా దేశాల బిషప్‌లు వేరే రకం తపస్సునో, దానధర్మాలనో పెట్టుకోవచ్చు. రూల్ తగ్గేకొద్దీ సొంత ఎంపిక పెరిగింది. "ఈసారి లెంట్‌కి నువ్వేం మానేస్తున్నావ్?" అనే ప్రశ్నకి చాక్లెట్, మందు, సిగరెట్, సీరియల్స్, ఇలా జవాబులు వచ్చాయి.

ఆ తర్వాత మన వస్తువు వచ్చింది. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ ఇన్ఫినిట్ స్క్రోల్ తయారుచేశాడు. అంతకుముందు పేజీ అయిపోతే "నెక్స్ట్" నొక్కాలి. అక్కడ ఒక్క సెకను ఆగేవాళ్లం. ఆ సెకను పోయింది. తర్వాత ఆయనే దాని ఫలితాల మీద బహిరంగంగా బాధపడ్డాడు. 2009 ఫిబ్రవరి 9న ఫేస్‌బుక్‌లో లైక్ బటన్ వచ్చింది. ఆ ఏడాది భస్మ బుధవారం ఫిబ్రవరి 25. అదే లెంట్‌లో ఇటలీలోని మోడెనా ఆర్చ్‌బిషప్ బెనీటో కోక్కి, శుక్రవారాల్లో ఎస్సెమ్మెస్‌లు పంపకుండా ఉండమని యువతని అడిగారు. అప్పట్లో చాలామంది నవ్వారు. కానీ ఆ పిలుపులో ఇంకో మాట కూడా ఉంది. ఫోన్ల తయారీకి వాడే కోల్టాన్ అనే ఖనిజం చుట్టూ కాంగోలో యుద్ధం నడుస్తోంది, ఆ జనం గురించి కాసేపు ఆలోచించమని. అంటే మెసేజ్ ఆపడం నీ మనశ్శాంతి కోసం మాత్రమే కాదు, నీ చేతిలో ఉన్న వస్తువు వెనక ఎవరున్నారో చూడడం కోసం.

2020 ఫిబ్రవరి 26, భస్మ బుధవారం. పోప్ ఫ్రాన్సిస్ రోమ్‌లో జనంతో మాట్లాడుతూ, లెంట్ అంటే టీవీ కట్టేసి బైబిల్ తెరిచే సమయం, ఫోన్ పక్కన పెట్టి సువార్తతో కనెక్ట్ అయ్యే సమయం అన్నారు. చాడీలు, పనికిమాలిన మాటలు మానమన్నారు. ఈ రోజుల్లో జనం గుడ్ మార్నింగ్ చెప్పినంత తేలిగ్గా తిట్టుకుంటున్నారని బాధపడ్డారు. 387 నాటి క్రిసోస్తోమ్ గుర్తొచ్చాడా?

ఆ తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. మార్చి 9న ఇటలీ మొత్తం లాక్‌డౌన్. మార్చి 25 నుంచి మన దేశంలో లాక్‌డౌన్. చర్చిలు మూతపడ్డాయి. ఏప్రిల్ 12 ఈస్టర్ ఆరాధన లక్షల ఇళ్లలో ఫోన్ స్క్రీన్ మీదే జరిగింది. హైదరాబాద్‌లో, విజయవాడలో, పల్లెల్లో కూడా పాస్టర్లు లైవ్ పెట్టారు. దుబాయ్‌లో ఉన్న కొడుకు, ఊళ్లో ఉన్న అమ్మ ఒకే వీడియో కాల్‌లో ప్రార్థన చేసుకున్నారు. ఏ ఫోన్‌ని పక్కన పెట్టమన్నారో, ఆ ఫోనే చర్చి తలుపు అయింది. అందుకే ఫోన్ మొత్తం చెడ్డది అనే మాట చరిత్ర ముందు నిలబడదు. మానాల్సింది వస్తువుని కాదు, దాంతో మనకి పట్టిన ఒక అలవాటుని.

మరి రెండో ప్రశ్న. నలభై రోజులు మానితే ఏమైనా మిగులుతుందా? దీనికి సైన్స్ నుంచి ఒక మంచి ప్రయోగం ఉంది. 2018లో అమెరికాలో కొందరు ఆర్థికవేత్తలు దాదాపు 2,700 మంది ఫేస్‌బుక్ యూజర్లని తీసుకుని, వాళ్లలో కొందరికి డబ్బిచ్చి నాలుగు వారాలు అకౌంట్ ఆపించారు. సగటున రోజుకి 60 నిమిషాలు మిగిలింది. ఇంట్లోవాళ్లతో, ఫ్రెండ్స్‌తో గడిపే టైమ్ పెరిగింది. మనసు కొంచెం తేలికపడింది, కొంచెమే, అద్భుతాలేం జరగలేదు. వార్తల మీద అవగాహన కాస్త తగ్గింది, అది నష్టమే. అసలు విషయం ఏంటంటే, ప్రయోగం అయిపోయాక కూడా వాళ్లు ముందుకంటే తక్కువే వాడారు. అంటే నాలుగు వారాల విరామం గుర్తు వదిలిపెట్టింది.

అలాగని నలభై అనేది మ్యాజిక్ నంబర్ కాదు. లండన్‌లో 96 మంది మీద చేసిన ఒక పరిశోధనలో, ఒక కొత్త అలవాటు ఒంటబట్టడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలు, కొందరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. "21 రోజుల్లో లైఫ్ ఛేంజ్" అనే రీల్స్‌ని సీరియస్‌గా తీసుకోకండి.

ఇప్పుడు ఈ చరిత్రంతా ఒక చోట పెట్టి చూద్దాం. గెలిచిన చోట ఏముంది? ఒకటి, ఏం మానేస్తున్నారో స్పష్టంగా పేరు పెట్టారు. "ఫోన్ తగ్గిస్తా" కాదు, "రాత్రి పదింటి తర్వాత రీల్స్ చూడను" అనాలి. "తెలియనివాళ్ల పోస్ట్ కింద తిట్టను" అనాలి. రెండు, ఒక్క మనిషికి చెప్పారు. బెనెడిక్ట్ చెప్పింది ఒక పెద్దకి చెప్పమని, ఎనిమిది వందల మంది ఫాలోయర్లకి కాదు. భస్మ బుధవారం నాడు చర్చిల్లో చదివే సువార్త భాగం కూడా ఉపవాసం జనానికి కనబడేలా చేయొద్దనే అంటుంది. స్టేటస్ పెట్టామంటే, ఎంతమంది చూశారో చూడడానికి మళ్లీ అదే యాప్ తెరవాలి కదా! మూడు, ఖాళీ టైమ్‌లో ఒక పుస్తకం పెట్టారు. ఆ పుస్తకం ఏదనేది మీ ఇష్టం. నాలుగు, పక్కవాడి మీద పోలీసింగ్ చేయలేదు. చేసిన చోట సాసేజ్ గొడవలు వచ్చాయి.

అన్నిటికంటే పెద్దది ఐదోది. 5వ శతాబ్దంలో పోప్ లియో తన ప్రసంగాల్లో పదే పదే చెప్పింది ఇదే. ఉపవాసం వల్ల మిగిలింది పేదవాడికి చేరాలి. నువ్వు తినని పూట భోజనం ఇంకొకరి కంచంలోకి వెళ్లకపోతే, అది పొదుపు అవుతుంది కానీ ఉపవాసం కాదు. మరి ఫోన్ ఉపవాసంలో మిగిలేది అన్నం కాదు, టైమ్. రోజుకి 60 నిమిషాలు అనుకుంటే నలభై రోజులకి 40 గంటలు. ఆ 40 గంటలు ఎవరికి వెళ్తాయి? మీరు పక్కన కూర్చుంటే చాలు అనుకునే నానమ్మకా? చాలా రోజులుగా మీరు రిప్లై ఇవ్వని ఫ్రెండ్‌కా? పరీక్ష ఫెయిలై మాట్లాడడం మానేసిన తమ్ముడికా? ఈ ప్రశ్నకి జవాబు ముందే రాసిపెట్టుకోకపోతే, ఆ టైమ్‌ని ఇంకో యాప్ వచ్చి తీసుకుంటుంది. చరిత్ర చెప్పేది అదే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆన్‌లైన్ బెట్టింగ్, డబ్బు పెట్టి ఆడే గేమ్స్ వేరే లెవెల్. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు మార్చి మరీ వీటిని నిషేధించాయంటే ఎన్ని ఇళ్లు దెబ్బతిన్నాయో ఊహించుకోండి. అప్పులు, అబద్ధాలు, చచ్చిపోవాలనే ఆలోచనలు మొదలైతే అది నలభై రోజుల వ్రతంతో ఒంటరిగా తేల్చుకునే విషయం కాదు. సిగ్గుపడకుండా ఇంట్లో ఒకరికి చెప్పండి. ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ మంచి పనికి కూడా వస్తుందని అన్నాను కదా, ఇదీ అలాంటిదే.

క్రిస్టియన్ అయితే ఈసారి శ్రమల కాలంలో ట్రై చేయండి. కాకపోతే మీ దీక్ష ఎప్పుడొస్తే అప్పుడు, ఏదీ లేకపోతే వచ్చే సోమవారం నుంచి. మధ్యలో ఒక రోజు తప్పినా కంగారుపడకండి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి.

మీరు ఏం మానేస్తున్నారో కింద కామెంట్‌లో రాయమని మామూలుగా అడిగేవాణ్ణి. ఈసారి అడగను. ఇంట్లో ఒక్కరికి చెప్పండి చాలు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఈ నలభై రోజుల్లో అది మిస్ అయినా పర్లేదు, ఈస్టర్ తర్వాత చూసుకోవచ్చు. ఎక్కడికీ పోదు. ఉంటాను మరి, సెలవు.